నీళ్ల రిపోర్టులో విడమర్చని అక్షరాలు

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే చేతికొచ్చే కాగితం నిండా పొడి అక్షరాలే: టీడీఎస్, టీహెచ్, ఎఫ్, బీడీఎల్. ఏది ఏందో ఒక్క ముక్క రాసుండదు.

ఎక్కువ మంది మోసపోయేది టీడీఎస్ దగ్గర. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకుంటే 2000 దాకా. 'ఎఫ్' అంటే ఫ్లోరైడ్, ఎక్కువైతే పళ్లు, ఎముకలు దెబ్బతీసేది. దానికేమో హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. అంటే టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో కూడా ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. పెన్నులాంటి మీటరు ముంచి "తక్కువే ఉంది, తాగుండ్రి" అంటే నమ్మొద్దు. అది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లెక్కగడుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా పట్టలేదు. 'ఎఫ్' గడి ఖాళీగా ఉంటే ఆ పరీక్ష చేశారా లేదా అని గట్టిగా అడగాలి.

టీహెచ్ అంటే మొత్తం కాఠిన్యం. పప్పు ఉడకకపోవడం, గిన్నెకు తెల్లపొర కట్టడం దాని పనే.

బీడీఎల్ అంటే అసలు లేదని కాదు, ఆ పద్ధతి పట్టగలిగే కనీస మోతాదుకు కిందుందని. ఆ కనీసమెంతో ల్యాబువాళ్లు పక్కనే రాయాలి. కాగితం అడుగున పూర్తి పేరు, కొలమానం, హద్దు తెలుగులో అచ్చేయడానికి నాలుగు లైన్ల జాగా చాలు.