ఉద్దానం నుంచి చూస్తే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్

ఎపిక్ సిస్టమ్స్ అనే కంపెనీ పేరు మన శ్రీకాకుళం జిల్లాలో ఆసుపత్రుల్లో పనిచేసేవారు కూడా పెద్దగా విని ఉండరు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ నగరంలో, జూడీ ఫాక్నర్ అనే ప్రోగ్రామర్ 1979లో ఒక భవనపు నేలమాళిగలో మొదలుపెట్టిన ఈ సంస్థ, ఇప్పుడు దగ్గరలోని వెరోనా అనే చిన్న ఊరి నుంచి పనిచేస్తూ, ఆ దేశంలోని పెద్ద ఆసుపత్రులకు ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి ఇస్తోంది. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా షేర్ మార్కెట్‌కు వెళ్లలేదు. శ్రీకాకుళం పట్టణంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల విభాగాన్ని చూసుకునే నాకు, దాని గురించి చదువుతున్నంతసేపూ మనసులో మెదిలిన ప్రశ్న ఒక్కటే. ఒకే మనిషి వివరాలను ఏళ్ల తరబడి, ఎక్కడా తెగిపోకుండా, ఒకే వరుసలో నిలబెట్టడం వాళ్లకు ఎలా సాధ్యమైంది?

దీనికి సమాధానంలో కొంత భాగం ఆ కంపెనీ కంటే పాతది. 1960ల రెండో సగంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆసుపత్రి అవసరాల కోసమే మంప్స్ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. సాధారణ పట్టికలో ప్రతి వరుసకూ అన్నే గళ్లు ఉంటాయి. రోగుల సమాచారం అలా ఒదగదు. జలుబుకు వచ్చి వెళ్లిన ఒకరికి రెండు మూడు వివరాలు చాలు, పదేళ్లుగా మందులు వాడుతున్న మరొకరికి వందల పరీక్షా ఫలితాలు ఉంటాయి. మంప్స్ సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా దాస్తుంది. ఒక రోగి, అతని కింద పరీక్షలు, ఒక్కో పరీక్ష కింద తేదీలు, ఒక్కో తేదీ కింద విలువ. లేని వివరానికి చోటే కేటాయించదు. ఎపిక్ తన సాఫ్ట్‌వేర్‌ను ఈ పునాది మీదే కట్టింది. ఇంత పాత సాంకేతికత ఇంకా ఎందుకని విమర్శించేవారు ఉన్నారు గాని, కాలక్రమంలో మనిషిని చూడాలన్న ఆలోచన అందులో మొదటి నుంచీ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఆలోచన విలువ తెలియాలంటే ఉద్దానం వెళ్లాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను దశాబ్దాలుగా పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి మూలకారణం ఇప్పటికీ నిర్ధారణగా తేలలేదు. అక్కడ చదువు రాని వృద్ధులకు కూడా తమ క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే అంకె, ఎంతో తెలుసు. వైద్యుడికి మాత్రం ఈ రోజు అంకె ఒక్కటే చాలదు, దాని నడక కావాలి. క్రియాటినిన్ 1 నుంచి 2కు చేరిందంటే కిడ్నీల వడపోత శక్తి సుమారుగా సగం పోయినట్టే. అదే 6 నుంచి 7కు పెరిగితే అంకెల్లో తేడా అంతే కనిపించినా కిడ్నీ పనిలో తేడా చాలా తక్కువ. వడపోత రేటు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. ఈ నిర్వచనంలోనే కాలం ఉంది కాబట్టి, పాత రిపోర్టు పోగొట్టుకున్న మనిషికి వ్యాధి ఎప్పుడు మొదలైందో, ఎంత వేగంగా ముదురుతోందో ఎవరూ చెప్పలేరు.

ఆ పాత రిపోర్టులు ఎక్కడ ఉంటాయి? ఒకటి సోంపేటలో, ఒకటి బరంపురంలో, మరొకటి విశాఖ కేజీహెచ్‌లో చేయించినది. అన్నీ కలిసి బట్టల దుకాణం వాళ్లిచ్చిన ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. థర్మల్ కాగితం మీద వచ్చిన ముద్ర కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఎచ్చెర్ల తీరం నుంచి చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లేవారు, హైదరాబాద్‌లో, చెన్నైలో భవన నిర్మాణ పనులు చేసుకునేవారు, ఆ సంచిని ఇంటి దగ్గర వదిలి వెళతారు. అక్కడ ఒళ్లునొప్పులని మందుల షాపుకు వెళితే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర చేతికిస్తారు. అలాంటి మాత్రలు బలహీనపడిన కిడ్నీలకు హాని చేస్తాయి. ఆ మనిషి రికార్డు తెరిచి ఉంటే, మందు రాసేటప్పుడే తెర మీద హెచ్చరిక కనిపించేది. మంచి రికార్డుల సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ ఉండే సాధారణ సదుపాయమే అది.

మన దగ్గర చిన్న ఆసుపత్రులకు అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ ఇందుకు పనికిరాకపోవడానికి కారణం, అది వైద్యం నుంచి పుట్టకపోవడమేనని నాకు అనిపిస్తుంది. ఆసుపత్రికి కంప్యూటర్ అవసరం మొదట బిల్లు కోసం వచ్చింది, తరువాత 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ క్లెయిముల కోసం వచ్చింది. అందువల్ల ఓపీ చీటీ, గది అద్దె, మందుల స్టాకు, డిశ్చార్జ్ బిల్లు పక్కాగా ఉంటాయి; ల్యాబ్ ఫలితం మాత్రం పీడీఎఫ్‌గా ప్రింటు తీసి ఇచ్చే కాగితంగా మిగిలిపోతుంది. కేస్ షీటును స్కాన్ చేసి ఎక్కిస్తే దాన్నే డిజిటల్ రికార్డు అంటున్నారు. బొమ్మగా దాచిన అంకెను కంప్యూటర్ పక్క అంకెతో పోల్చలేదు, గ్రాఫు గీయలేదు, హెచ్చరిక ఇవ్వలేదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం, ఎందుకంటే ల్యాబ్ యంత్రం నుంచి ఆ విలువ అంకెగానే బయటికి వస్తుంది. దాన్ని బొమ్మగా మార్చి పనికిరాకుండా చేస్తున్నది మనమే.

అంకెగా దాచడం కూడా చాలదు. ఒక ల్యాబ్ జాఫే పద్ధతిలో, మరొకటి ఎంజైమ్ పద్ధతిలో క్రియాటినిన్ కొలిస్తే, ఒకే రక్తానికి కాస్త వేరు విలువలు రావచ్చు. కాబట్టి విలువతో పాటు కొలమానం, పద్ధతి, తేదీ, చేసిన ల్యాబ్ పేరు కూడా నిలవాలి. వేర్వేరు చోట్ల పరీక్షను వేర్వేరు పేర్లతో రాసినా యంత్రాలకు అర్థమయ్యేందుకు లాయింక్ అనే అంతర్జాతీయ సంకేతాల పట్టిక ఉంది. అందులో రక్తంలోని క్రియాటినిన్‌కు మనం వాడే కొలమానంలో సంకేతం 2160-0. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2013లోనే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను ప్రకటించి, 2016లో సవరించింది. ఆ పైన 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. ఒక్కో వ్యక్తికి ఇచ్చే పద్నాలుగు అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య, ఆభా, దానిదే. రికార్డు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటుంది, రోగి సమ్మతి ఇచ్చినప్పుడు మాత్రమే మరో ఆసుపత్రికి చేరుతుంది అన్నది దాని నిర్మాణం. నాకు ఈ నిర్మాణం చాలా నచ్చింది. అయితే ఆభా సంఖ్య చిరునామా వంటిది మాత్రమే. ఆ చిరునామాకు పంపవలసిన సమాచారాన్ని ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సరైన రూపంలో తయారుచేయకపోతే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకోవడంతోనే దాని ప్రయోజనం ఆగిపోతుంది.

అమెరికా దారిని యథాతథంగా పట్టమని నేను అనను. అక్కడ 2009లో వచ్చిన హైటెక్ చట్టం ఆసుపత్రులకు ప్రోత్సాహక ధనం ఇవ్వడంతో, 2008లో పదింట ఒక ఆసుపత్రిలో కూడా సరిగా లేని ఎలక్ట్రానిక్ రికార్డులు 2015 నాటికి పదింట ఎనిమిదికి పైగా ఆసుపత్రుల్లోకి వచ్చాయి. కాని బీమా బిల్లులకు కావలసిన వివరాలు కూడా వైద్యుల చేతే నింపించారు. రోగితో గడిపే ప్రతి గంటకూ కంప్యూటర్, కాగితాల పని దాదాపు రెండు గంటలు పడుతోందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఒక్క పూటలో వంద మందికి పైగా ఓపీ చూసే మన వైద్యుల మీద అలాంటి భారం వేస్తే వాళ్లు ఆ తెరను రెండో రోజే మూసేస్తారు, ఆ తప్పు వాళ్లది కాదు. ల్యాబ్ ఫలితాలు యంత్రం నుంచి నేరుగా ఎక్కాలి, బీపీ, బరువు నర్సు నమోదు చేయాలి, వైద్యుడు నిర్ణయాన్ని మాత్రమే రాయాలి.

తక్కువ ఖర్చు దారులూ ఉన్నాయి. కెన్యాలోని ఎల్డోరెట్‌లో హెచ్‌ఐవీ రోగుల చికిత్సతో ముడిపడి 2004లో రూపుదిద్దుకున్న ఓపెన్‌ఎంఆర్‌ఎస్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. దాని ఆధారంగానే ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం థాట్‌వర్క్స్ ఇంజనీర్లు బామ్ని అనే వ్యవస్థను తయారుచేశారు. గనియారి కూడా మన పల్లెల వంటిదే. వెరోనాలో తయారైన సాఫ్ట్‌వేర్ కంటే మన సోంపేటకు, పాలకొండకు, విజయనగరం జిల్లాలోని చిన్న ఆసుపత్రులకు ఆ ఉదాహరణే దగ్గర.

గోప్యత గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారని తెలిస్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయని భయపడే కుటుంబాలు ఉద్దానంలో ఉన్నాయి. రికార్డును ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో చెరపడానికి వీల్లేని విధంగా నమోదు కావాలి. ఎపిక్ వ్యవస్థలో కొన్ని రికార్డులు తెరవాలంటే సొంత ఉద్యోగి అయినా ముందు కారణం చెప్పాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది గాని, ఓపీ కౌంటర్‌లో అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే ఏ చట్టమైనా ఏం చేయగలదు?

2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పరిశోధనకు కావలసిన ముడిసరుకు ఆ రోగుల వెనకటి అంకెలే, అవి ఇప్పుడు మా ఆసుపత్రి వంటి చిన్నచోట్ల చెదిరి ఉన్నాయి. అందుకే మా ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఎవరు వచ్చినా బిల్లింగ్ తెరను చివరికి ఉంచమని కోరుతున్నాను. ఒక కల్పిత రోగికి వేర్వేరు సంవత్సరాల క్రియాటినిన్ విలువలు ఎక్కించి, వాటిని గ్రాఫుగా చూపించి, ఆ తరువాత ఆ రికార్డు మొత్తాన్ని ఫైర్ (FHIR) అనే, ఆరోగ్య సమాచారాన్ని ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు పంపే అంతర్జాతీయ ప్రమాణంలో మరో కంప్యూటర్‌కు పంపి చూపమని అడుగుతున్నాను. కంపెనీ మూతపడినా, మేము ఒప్పందం మానుకున్నా, రోగుల సమాచారం మొత్తాన్ని అదనపు రుసుము లేకుండా ఇదే రూపంలో అప్పగించాలన్న షరతును ఒప్పంద పత్రంలో మా వైద్యుడు ఇప్పటికే చేర్పించారు. జిల్లాలోని మిగతా ఆసుపత్రుల యాజమాన్యాలు కూడా సంతకం పెట్టే ముందు ఈ షరతు అడగాలని, అడిగేందుకు వారికి పత్రం నమూనా కావాలంటే మా దగ్గర తీసుకోవాలని కోరుతున్నాను.