కుడిచేతికి 150, ఎడమచేతికి 104

“ఆ చెయ్యి కూడా ఇలా ఇవ్వండి” అంది నర్సమ్మ. బాబాయి కుడిచేతికి బీపీ 150 వచ్చింది. ఎడమచేతికి 104. మిషన్ పాడైందేమోనని మళ్లీ చూసింది. అదే లెక్క.

బాబాయిది ఎడమచేతి వాటం. సత్యనారాయణపురంలో ఇస్త్రీ బండి. నాలుగు చొక్కాలు రుద్దేసరికి చెయ్యి లాగేసేది, కళ్లు తిరిగేవి. పెట్టె పక్కన పెట్టి కూర్చుంటే సర్దుకునేది. మేమంతా ఎండ మీదికి తోసేశాం. (బెజవాడలో ఏ జబ్బుకైనా ముందు ఎండే ముద్దాయి.)

డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో చూసే స్కానింగ్) తీశాక డాక్టరు గారు చెప్పారు. ఎడమచేతికి వెళ్లే పెద్ద రక్తనాళం మొదట్లోనే కొవ్వు పేరుకుని మూసుకుపోయిందట. చెయ్యి పనిలో పడగానే, మెడ వెనకగా మెదడుకి ఎక్కాల్సిన రక్తం వెనక్కి తిరిగి చేతిలోకి దిగిపోతోందట. సబ్‌క్లేవియన్ స్టీల్ అంటారు. స్టీల్ అంటే ఉక్కు కాదు, దొంగతనం.

“నా తల సొమ్ము నా చెయ్యే కాజేస్తోందా!” అని నవ్వాడు బాబాయి.

నాకు నవ్వు రాలేదు. రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు పాపం. బీపీ చూపించిన ప్రతిసారీ కుడిచెయ్యే చాపాడు.

స్టెంటు సంగతి సోమవారం తేలుస్తారు. ఈలోగా ఇస్త్రీ పెట్టె పిన్ని చేతిలోకి వెళ్లింది. బీడీ కట్ట కూడా.