మెస్సు పుస్తకంలో దొరికిన తేదీ

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?" అని డాక్టరు అడిగితే ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పటి నుంచి అని బాపు. బతుకమ్మ నాడు గది తలుపే తీయలేదు, అప్పటి నుంచే అని అమ్మ. డిసెంబరులో పరీక్షలు ఎగ్గొట్టాడు కాబట్టి అప్పుడని నేను. తమ్ముడు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాడికి 20 ఏళ్లు. మాది పరకాల దగ్గరి పల్లె. వాడు హన్మకొండ నయీంనగర్‌లో గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదివేవాడు. మాకు ముందు కనిపించింది ఒంటరిగా మాట్లాడుకోవడమో, కేకలు వేయడమో కాదు. ఫోను ఎత్తడం తగ్గింది, స్నానం మానేశాడు, నవ్వాల్సిన మాటకు కూడా ముఖం కదిలేది కాదు. ప్రేమ వ్యవహారమేమో అనుకున్నాం, సెల్లు పిచ్చి అనుకున్నాం. పత్తి ధర పడిపోయి అందరూ దిగులుగా ఉన్న ఇంట్లో ఒకడు మాట్లాడకపోతే ఎవరికి అనుమానం వస్తుంది? సంక్రాంతికి వచ్చి కిటికీలకు పాత పేపర్లు అంటించాడు. "నేను అనుకునేవన్నీ బయట వాళ్లకు వినిపిస్తున్నాయక్కా" అన్నాడు.

అప్పుడు కూడా ముందు డాక్టరు దగ్గరికి పోలేదు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. అలా మూడు వారాలు పోయాయి. తాయెత్తు కట్టిన చోట వాడిని ఎవరూ కొట్టలేదు, గొలుసులతో కట్టలేదు, అదే అదృష్టం. చివరికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు నేనే ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించమన్నారు.

రక్తపరీక్షతో తేలిపోతుందని వెళ్లాం. ఇలాంటి మానసిక జబ్బును పట్టి చూపే పరీక్షే లేదట. థైరాయిడ్, బి12, తలకు స్కాన్, మూత్రంలో గంజాయి జాడ, ఇవన్నీ వేరే కారణం ఏదీ లేదని తేల్చుకోవడానికేనట. గంజాయి మాట వినగానే బాపు లేచి నిలబడ్డాడు. ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి విపరీతమైన ఉత్సాహంతో తిరిగాడా అని కూడా అడిగారు, అలా ఉంటే వేరే జబ్బును అనుమానించాలట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే అమ్మ వెంటనే లేదంది. బాపు కాసేపు ఆగి, తన మేనత్తను పెరటి కొట్టంలోనే ఉంచేవారని చెప్పాడు. ఆ మేనత్త ఒకామె ఉండేదనే నాకు అప్పటిదాకా తెలియదు.

మొదటి చీటీ మీద సైకోసిస్ అని, అంటే లేనివి వినిపించే, లేనిది నిజమని నమ్మే స్థితి అని మాత్రమే రాసి, ఆ రోజే దాన్ని తగ్గించే రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టారు. లక్షణాలు ఆరు నెలలు సాగితేనే స్కిజోఫ్రీనియా (ఆలోచనలూ అనుభూతులూ గాడి తప్పే తీవ్రమైన మానసిక జబ్బు) అనేది అమెరికా వైద్యుల లెక్క, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు ఒక నెల చాలు. మా డాక్టరుది మొదటి లెక్క. "పేరు కోసం మందు ఆపం. కానీ ఎప్పుడు మొదలైందో కనుక్కుని రండి" అన్నారు.

నయీంనగర్‌లో వాడు తినే మెస్సుకు వెళ్లాను. యజమాని నూనె మరకల పొడవాటి పుస్తకం తీశాడు. పేరు ఎదురుగా రోజుకు రెండు గీతలు, పగటికొకటి, రాత్రికొకటి. సెప్టెంబరు రెండో వారం నుంచి రాత్రి గీతలు లేవు. నెలాఖరుకు పగటివీ ఆగిపోయాయి. అయినా ఆ నెల డబ్బు మొత్తం కట్టాడు. "కూరలో ఏమైనా కలిపారా అని అడిగాడమ్మా, ఎగతాళికేమో అనుకున్నా" అన్నాడాయన. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాను.

ఆ తర్వాతి నెలలు మందులతోనే గడిచాయి. చేతులు వణికితే ఇంకో మాత్ర కలిపారు, ఒళ్లు వచ్చింది, రెండుసార్లు మాత్రలు దిండు కింద దొరికాయి. ఏప్రిల్‌లో చీటీ మీద స్కిజోఫ్రీనియా అని రాశారు. అమ్మ ఏడ్చింది. నాకైతే ఊపిరి ఆడింది, ఎందుకో అమ్మకు చెప్పలేకపోయాను.

మొన్న రాఖీకి వాడు చేయి చాపి, తనంతట తానే మాట్లాడాడు. "పోయినసారి నువ్వు ముడి వేస్తుంటే నీ వెనక నుంచి ఎవరో 'గట్టిగా కట్టు' అన్నారక్కా. నువ్వు నిజంగానే గట్టిగా కట్టావు. నీకూ వినిపించిందనుకున్నా."

సోమవారం డాక్టరుకు చూపించాల్సిన కాగితం మీద సెప్టెంబరు కొట్టేసి ఆగస్టు అని రాశాను.