పాత జేక్వెరీని మార్చిన నా అనుభవం

వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత సంఘానికి వెబ్‌సైటు చూసిపెట్టే బాధ్యత నాది. జంపఖానా కావలసినవారు కొలతలు, రంగులు, అంచు ఎలా ఉండాలో రాసి పంపితే, ఆ వివరాలు కార్యాలయంలోని ఆర్డర్ల పేజీలో కనిపిస్తాయి. ఆ పేజీ జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (వెబ్ పేజీల కోసం ముందే రాసి ఉంచిన కోడు) 2016 నాటి వెర్షన్ 1.12.4 మీద నడిచేది. 2025 ఆగస్టులో పాత లైబ్రరీల్లోని లోపాలను పట్టిచ్చే రిటైర్ డాట్ జేఎస్‌తో సైటును తనిఖీ చేస్తే, ఆ లైబ్రరీ పేరు కింద వరుసగా సీవీఈ సంఖ్యలు, అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే సంఖ్యలు, వచ్చాయి.

వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది సీవీఈ-2020-11022. కొనుగోలుదారులు రాసినదాన్ని సర్వర్‌లోనే వడగడుతున్నాం కదా అన్న ధీమాతో ఉన్నాను. ఈ లోపం సరిగ్గా ఆ ధీమానే దెబ్బ తీస్తుంది. 3.5.0 కంటే ముందరి జేక్వెరీ వెర్షన్లు హెచ్‌టీఎంఎల్‌ను (పేజీని ట్యాగులతో రాసే భాషను) పేజీలో చేర్చేటప్పుడు, చివర వాలు గీత (/)తో తమంతట తామే ముగిసే ట్యాగులను తెరిచే ట్యాగు, మూసే ట్యాగుల జంటగా తిరగరాస్తాయి. స్టైల్ ట్యాగు లోపల వట్టి అక్షరాలుగా పడి ఉన్న ముక్క, ఈ తిరగరాతలో స్టైల్ మధ్యలోనే మూసుకుపోవడం వల్ల బయటపడి, బ్రౌజర్ అమలు చేసే ట్యాగుగా మారుతుంది. వడగట్టిన నీళ్లలో లైబ్రరీయే మళ్లీ మట్టి కలుపుతుందన్నమాట.

నిర్ధారించుకోవడానికి నా కంప్యూటర్‌లో ఉన్న నకలు సైటులో, 1 అన్న అంకెను పెట్టెలో చూపమనే అలాంటి ముక్క ఒకటి రాసి ఆర్డర్ పంపాను. ఆర్డర్ల పేజీ తెరవగానే 1 అన్న అంకెతో చిన్న పెట్టె తెర మీదికి వచ్చింది. ఆ చోట వేరొకరి స్క్రిప్టు ఉండి ఉంటే, మేనేజరు గారి లాగిన్‌తోనే అందరి చిరునామాలూ ఫోన్ నంబర్లూ చదివేది.

ఆయనకు చెబితే, "మంచిగనే నడుస్తుంది గదా బిడ్డా, దసరా ఆర్డర్లు వచ్చే యాళ్లకు ఎందుకు కదిలిస్తున్నవ్? గది అయిదేండ్ల కిందటి ముచ్చటనే గదా?" అన్నారు. దీనికి జంట లోపమైన సీవీఈ-2020-11023ను, దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలోకి అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 జనవరిలోనే చేర్చిందని చెప్పి, ఆ పెట్టెను ఆయన కళ్లముందే మళ్లీ తెప్పించాను. కాసేపు చూసి, "అయితే మనోళ్ల నంబర్లు గూడ పోతయా?" అని అడిగి, పని మొదలుపెట్టమన్నారు.

ముందు 1.12.4 పక్కన, పాతబడిన పద్ధతులు ఎక్కడున్నాయో హెచ్చరించే జేక్వెరీ మైగ్రేట్ పెట్టి, బ్రౌజర్ సందేశాలు చూపే కన్సోల్‌లో అది చూపిన హెచ్చరికలన్నీ సరిచేశాను, తర్వాత 3.7.1కు, దానికి తగిన మైగ్రేట్‌కు మారాను. సైజ్ ఫంక్షన్ వాడిన చోట్ల లెంగ్త్ రాయడం వంటివి ఒక పూటలో అయిపోయాయి. రంగుల గడుల దగ్గరే రెండు రోజులు పట్టింది. పక్కపక్కన ఉండవలసిన ఆరు గడులు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి. వాటిని గీతతో ముగిసే డివ్ ట్యాగులుగా రాసి ఉంచాము. ఇన్నాళ్లూ అవి సరిగా కనిపించింది ఆ ప్రమాదకరమైన తిరగరాత పుణ్యానే. ప్రతి డివ్‌ను విడిగా మూసి రాశాక గడులు వరుసలోకి వచ్చాయి.

అంతా అయిందనుకొని కన్సోల్‌లో వెర్షన్ అడిగితే, 1.8.3 అని వచ్చింది. తేదీలు ఎంచుకునే క్యాలెండర్ ప్లగిన్ తన ఫోల్డరులో 2012 నాటి జేక్వెరీని వెంట తెచ్చుకొని, కొత్తదాని తర్వాత లోడ్ అయి, దాని స్థానాన్ని ఆక్రమించింది. పాత లైబ్రరీలను మార్చేవారు దయచేసి సర్వర్‌లోని ప్రతి ఫోల్డరూ వెతకండి. ఆ ప్లగిన్‌ను పూర్తిగా తీసేసి, బ్రౌజర్‌లో ఉండే తేదీ పెట్టెనే వాడాను. అలంకరణ అక్కరలేని చోట్ల, కొనుగోలుదారులు రాసినది వట్టి అక్షరాలుగానే కనిపించేలా మార్చాను.

చివరికి అదే ఆర్డరును మళ్లీ పంపి, పేజీ తెరవమని మేనేజరు గారికే ఇచ్చాను. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, ఎర్ర అంచు అన్న వివరాలు మాత్రమే కనిపించాయి. పెట్టె రాలేదు.