ఫుకెట్ ఎండ, మేమిద్దరం

చెన్నైలో ఉండేవాళ్లకి ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు అనుకుంటూ ఏప్రిల్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి వెళ్లాం, తీరా అక్కడి పటాంగ్ బీచ్ దగ్గర మిట్టమధ్యాహ్నం రోడ్డు దాటేసరికి మా ఆయన "మన వేళచ్చేరే నయం" అనేశారు. బీచ్ దాదాపు 3 కిలోమీటర్లు, నీళ్లు బాగున్నాయి, జనం మాత్రం కాణుం పొంగల్ (సంక్రాంతి పండగల చివరి రోజు) నాటి మన మెరీనా బీచ్‌లా! రాత్రయితే అక్కడే బార్లుండే బంగ్లా రోడ్డులో బండ్లు ఆపేస్తారు, ఇక ఆ మోత చెప్పలేను. ఆయనకి తలనొప్పి, నాకేమో ఇంకాసేపు ఉండాలని (గొడవేం కాలేదు, కొంచెమే).

నాకు నిజంగా నచ్చింది ఓల్డ్ టౌన్. ఒకప్పుడు తగరం గనుల మీద వచ్చిన డబ్బుతో చైనా వాళ్లు కట్టుకున్న రంగురంగుల ఇళ్లు, కింద కొట్టు, పైన కాపురం, చాలాచోట్ల ముందు వరండాలు ఒకదానికొకటి కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఎండ తగలకుండా నడిచేయొచ్చు. ఆదివారం సాయంత్రం తలాంగ్ రోడ్డంతా సంతే. కొబ్బరిపాల జిగురన్నం, మామిడిపండు అక్కడే తిన్నాం. పెరుగన్నంలో మామిడిపండు నంజుకునే మనకి అదేం వింత కాదులెండి, ఆయనైతే ఇంకో ప్లేటు లాగించారు.

వెళ్లాలనుకుంటే మే నుంచి అక్టోబరు దాకా వానలు, అలలు కూడా పెద్దవి. ఎర్రజెండా కనిపిస్తే మాత్రం నీళ్లలోకి దిగకండి.