తులిప్ దుంపలకి షిప్పింగ్ ఛార్జీ

న్యూజెర్సీలో వెబ్‌సైట్ల పని చేసేవాళ్లకి దసరా, దీపావళి సరిగ్గా టెస్టింగ్ సీజన్‌లోనే వచ్చిపడతాయి. కారణం థాంక్స్‌గివింగ్. నవంబరు నాలుగో గురువారం వచ్చే ఆ పండగ ముందు నుంచి కొత్త ఏడాది దాకా దుకాణాల సైట్లని ఎవరినీ ముట్టుకోనివ్వరు. దాన్ని ఫ్రీజ్ అంటారు. మార్పులేవైనా ఉంటే అక్టోబరులోనే తేల్చేయాలి. ఇక్కడి మేనేజర్లకి మన పంచాంగంతో పనేముంది?

2022లో తొందర ఇంకాస్త ఎక్కువైంది. సైట్లు నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో 7.4 వెర్షన్‌కి నవంబరు 28తో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతున్నాయి. పెన్సిల్వేనియాలో విత్తనాలు, పూలదుంపలు అమ్మే ఒకావిడ మా క్లయింటు. పీహెచ్‌పీ 8.1 ఉన్న కొత్త సర్వర్‌కి మారమని హోస్టింగ్ వాళ్లు ఆవిడకి మెయిల్ పెట్టారు. "బాగానే నడుస్తోందిగా, ఎందుకు కెలకడం?" అంది. పక్కన నకలు పెట్టి దాన్నే కెలుకుతాం అన్నాక ఒప్పుకుంది.

ఆ నకలే స్టేజింగ్. ఫైళ్లూ డేటాబేసూ కాపీ కొడితే అయిపోయిందనుకుంటారు చాలామంది. అసలు తలనొప్పి ఆ కాపీ బయటివాళ్లతో మాట్లాడకుండా నోరు కట్టేయడంలో ఉంది. కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఈమెయిళ్లు ముందే మార్చేయాలి, అందులోనూ ఆ డేటా హైదరాబాద్ టీమ్ చేతికి వెళ్లేటప్పుడు. బయటికెళ్లే మెయిళ్లన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడేట్టు మళ్లించాలి. క్రాన్ జాబ్‌లు, అంటే వేళకి వాటంతటవే నడిచే పనులు, ఆపకపోతే "మీ కార్ట్‌లో వస్తువులు మిగిలాయి" అంటూ అర్ధరాత్రి నిజం మనుషులకే మెయిళ్లు పోతాయి. గూగుల్ కంటపడకుండా పాస్‌వర్డ్ పెట్టాలి. పేమెంటుకి నిజం డబ్బు కదలని టెస్ట్ కీలు వాడాలి. ఆన్‌లైన్ చెల్లింపులు చూసే స్ట్రైప్ వాళ్ల ఉత్తుత్తి కార్డు 4242 4242 4242 4242 మా ఫీల్డ్‌లో అందరికీ నోటికొచ్చు.

వెర్షన్ మార్చగానే కొన్ని పేజీలు తెల్లగా వచ్చాయి. వాటితో పేచీ లేదు. ఈచ్, క్రియేట్ ఫంక్షన్ లాంటి పాత ఫంక్షన్లని 8.0లోనే తీసేశారు. తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్, ఫైలు పేరూ లైన్ నంబరూ చెప్పి మరీ అరుస్తుంది, సరిచేస్తే సరి. భయపడాల్సింది అరవని వాటికి.

హైదరాబాద్‌లో మా టెస్టర్ ఒకమ్మాయి ఉంది. స్క్రిప్టులు నడిపి ఊరుకోదు, నిజంగా కొనేదానిలా కూర్చుని బేరం చేస్తుంది. నాకు ఉదయం తొమ్మిదైతే తనకి సాయంత్రం ఆరున్నర.

"అన్నా, తులిప్ దుంపలకి షిప్పింగ్ ఫ్రీ అని పేజీలో ఉంది. చెకౌట్‌లో డబ్బులడుగుతోంది."

"లాగ్‌లో ఏమైనా పడిందా?"

"ఏం లేదన్నా. లైవ్‌లో, అసలు సైట్‌లో కూడా చూశా, అక్కడ సున్నానే."

తులిప్ దుంపలు నేల గడ్డకట్టకముందే నాటాలి. ఆ దుకాణానికి అక్టోబరు బేరమంతా వాటిమీదే.

కోడ్ తవ్వితే విషయం బయటపడింది. షిప్పింగ్ కాలమ్‌లో చాలా సరుకులకి 0 అని ఉంటే, దుంపలకి మాత్రం ఎవరో ఫ్రీ అని ఇంగ్లీషులో రాసిపెట్టారు. ఆ విలువ సున్నాకి సమానమా అని రెండు ఈక్వల్ గుర్తులతో కోడ్ అడుగుతోంది. పీహెచ్‌పీ 7 దాకా ఆ మాటని సున్నాగా మార్చుకుని, సమానమే అనేది. 8 నుంచి సున్నానే అక్షరంగా మార్చి పోలుస్తుంది. రెండూ ఒకటి కావు కాబట్టి రాష్ట్రాన్ని బట్టి మామూలు ఛార్జీ వేసేసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఆటోమేటెడ్ టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి. అవి కొనేది ఎప్పుడూ టమాటా విత్తనాలే మరి.

కొత్త సర్వర్‌కి మారేముందు ఇక్కడ ఓ మీటింగ్ ఉంటుంది. "అయిపోతుందిలెండి" అంటే కుదరదు. బెడిసికొడితే ఎన్ని గంటలకి వెనక్కి తిప్పాలి, తిప్పేదెవరు, పేరుతో సహా రాయాలి. నాకు నచ్చిన పద్ధతే. కానీ ఆ స్లయిడ్‌లో దుంపల సంగతి పట్టుకున్నది ఆఫ్‌షోర్ క్యూఏ, అంటే విదేశంలోని టెస్టింగ్ టీమ్, అని మాత్రమే ఉంది. వెనక్కి తిప్పేవాడికి పేరుంటుంది, పట్టుకున్న మనిషికి ఉండదా? మార్పించాను.

డేటాబేస్‌లో ఆ మాట తీసేసి సున్నా పెడదామంటే ఓనరమ్మ వద్దంది. ప్యాకింగ్ చీటీ మీద ఆ మాట కనపడితేనే గోదాం వాళ్లకి తెలుస్తుందట. సరే, కోడే మార్చాం. 22వ తేదీ శనివారం రాత్రి పదకొండింటికి కొత్త సర్వర్‌కి మారాం. హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆ అమ్మాయి లైవ్‌లో దుంపలు ఆర్డరు పెట్టి, బిల్లు చూసి, రద్దు చేసి, "రేపే దీపావళి, ఇంకా ఏమీ కొనలేదన్నా" అని లాగౌట్ అయిపోయింది.