అమ్మ పిక్కలకి గుడ్డ ఎందుకు కట్టుకునేదో ఇప్పుడు తెలిసింది

నా చిన్నప్పుడు అమ్మ పడుకునే ముందు రెండు పిక్కలకీ పాత చీర ముక్కలు బిగించి కట్టుకునేది. "కాళ్ళు పీకుతున్నాయే, కాసేపు తొక్కవే" అని నన్ను పిలిచేది. పని ఎక్కువై వచ్చే నొప్పులేలే అనుకునేవాళ్ళం. నాకు 44 ఏళ్ళు వచ్చాక అదే మొదలైంది.

నిజానికి అది నొప్పి కాదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటుంది. కాలు కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. పగలు ఆఫీసులో బాగానే ఉంటాను. రాత్రి మంచం మీద నడుం వాల్చానో లేదో మొదలు. ఒకసారి రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి రాత్రి బస్సులో వెళ్తూ, కూర్చోలేక ఏలూరు నుంచి విజయవాడ దాకా నిలబడే ఉన్నాను. ఇంట్లో అత్తయ్యగారు "కాళ్ళు ఊపకమ్మా, ఇంటికి మంచిది కాదు" అంటే ఏడుపొచ్చేది. కావాలని ఊపేదాన్ని కాదు కదా.

నరాల డాక్టరుగారు నేను చెప్పిందంతా విని, "మీ అమ్మగారికీ ఉండేదా?" అని అడిగారు. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారట, అంటే కాళ్ళని కుదురుగా ఉండనివ్వని జబ్బు. ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్ డాక్టరు ఎక్‌బామ్ 1945లో ఈ పేరు పెట్టాడు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది కానీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 19 వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి అది 75 లోపు ఉంటే ఐరన్ ఇస్తారట. మాత్ర రాసి, టీతో కలిపి మాత్రం వేసుకోవద్దన్నారు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. సాయంత్రం కాఫీ కూడా మానేశాను.

ఇక వ్యాయామం. మొదట్లో తప్పు చేశాను. బాగా అలిసిపోతే నిద్ర పడుతుందని రాత్రి తొమ్మిదింటికి మేడ మీద తాడాట ఆడాను. ఆ రాత్రి రెండింటిదాకా కాళ్ళు నన్ను పడుకోనివ్వలేదు. అప్పటి నుంచి సాయంత్రం ఆరింటికే గోదావరి గట్టు మీద అరగంట నడిచి వస్తున్నాను. వారంలో మూడు రోజులు వంటగది గట్టు పట్టుకుని పదిహేను గుంజీలు తీస్తాను. తర్వాత మడమలు ఎత్తి మునివేళ్ళ మీద ఇరవై సార్లు లేస్తాను. మూడు వారాలు ఏ తేడా తెలియలేదు, మానేద్దామనుకున్నాను. 2006లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, వారానికి మూడు రోజులు ఇలా నడక, కాళ్ళ వ్యాయామం చేసినవాళ్ళకి ఆరు వారాలకి బాగా తగ్గిందని చదివి ఓపిక పట్టాను. నాకు రెండో నెలలో తేడా తెలిసింది.

పడుకునే ముందు చేసేది వేరు. గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకి నొక్కి ముప్పై సెకన్లు నిలబడతాను. తర్వాత అదే కాలు మోకాలి దగ్గర కొద్దిగా వంచి ఇంకో ముప్పై సెకన్లు. అప్పుడు పిక్క కిందిభాగం సాగుతుంది, నాకు ఎక్కువ హాయినిచ్చేది ఇదే. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, పాదానికి చున్నీ తగిలించి కాలు పైకి లాగుతాను. ఊపుతూ లాగకూడదు, నొప్పి పుట్టేదాకా అసలే వద్దు. అర్ధరాత్రి మెలకువ వస్తే మంచం మీదే పోరాడుతూ ఉండకుండా లేచి వరండాలో నాలుగు అడుగులు వేసి, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్తాను.

పూర్తిగా పోయిందని చెప్పను. నిద్ర మత్తు తెప్పించే జలుబు మాత్ర వేసుకున్న రోజు ఇప్పటికీ తిరగబెడుతుంది, అలాంటి కొన్ని మందులు దీన్ని పెంచుతాయట. గర్భిణులకీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ కూడా ఇది వస్తుంది. వాళ్ళు గుంజీలు మొదలుపెట్టే ముందే డాక్టరుని కలవాలి.

పోయిన సంక్రాంతికి అమ్మకి ఈ జబ్బు పేరు చెప్పాను. 73 ఏళ్ళ మనిషి, కాసేపు మాట్లాడలేదు. "అయితే నేను బద్ధకించి చెప్పిన సాకు కాదన్నమాట. మీ నాన్నమ్మ అలాగే అనేదే" అంది. ఆ రాత్రి ఇద్దరం పక్కపక్కనే గోడకి చేతులు ఆనించి నిలబడ్డాం.